మాతృభాషే బోధనార్హతా?

ఇంగ్లీషును పుట్టుకతో మాట్లాడేవాడే ఇంగ్లీషును బాగా నేర్పగలడనీ, తక్కినవారు ఎంత చదివినా ఆ లోటును పూడ్చుకోలేరనీ అనే అభిప్రాయం ఆసియా దేశాలలో ఎంతగా పాతుకుపోయిందంటే, దానికి రుజువు అడగాలన్న ఆలోచన కూడా ఇప్పుడు ఎవరికీ రావడం లేదు. జపాన్ ప్రభుత్వం దాదాపు నాలుగు దశాబ్దాలుగా వేలాది విదేశీ యువతీయువకులను తన బడులకు రప్పిస్తోంది, వారి రాకను అక్కడి జనం ఈ అభిప్రాయంతోనే చూస్తున్నారు. మన నగరాలలోని ప్రైవేటు విద్యాసంస్థలు విదేశీ శిక్షకుడి ఫొటోను ప్రకటనలో వేసి దాన్నే నాణ్యతకు హామీగా చూపుతున్నాయి. ఫీజు కట్టే తల్లిదండ్రులు ఆ హామీని నమ్ముతున్నారు. ఈ అభిప్రాయం తప్పు. అది బోధనశాస్త్రం ముందు నిలవదు, చరిత్ర ముందు నిలవదు. అంతకన్నా ముఖ్యంగా, ఏ విదేశీ ఉపాధ్యాయుణ్ణి అది నెత్తిన పెట్టుకున్నట్టు కనిపిస్తుందో ఆ ఉపాధ్యాయుడికే అన్యాయం చేస్తోంది. ఇందుకు సాక్ష్యం ఒకవైపు నేటి జపాన్ బడిలోనూ, మరొకవైపు కలకత్తా రేవును ఆనుకొని ఉన్న వాట్‌గంజ్, ఖిదిర్‌పూర్ ప్రాంతపు పాత చరిత్రలోనూ దొరుకుతుంది. ఈ రెండో సాక్ష్యం తెలుగువారికి అనుకున్నదానికన్నా చాలా దగ్గరది.

ఖండించదలచిన వాదాన్ని ముందుగా దాని బలమైన రూపంలోనే చెప్పుకోవడం న్యాయం. భాష అంటే వ్యాకరణ సూత్రాలు మాత్రమే కాదు. ధ్వని, ఊనిక, సందర్భజ్ఞానం కూడా. వీటిని పసితనంలోనే ఒంటబట్టించుకున్న మనిషి దగ్గర అవి కల్తీ లేకుండా లభిస్తాయి. పైగా అతనికి విద్యార్థుల భాష తెలియదు కనుక తరగతిలో ఇంగ్లీషు తప్ప మరో దారి ఉండదు, ఆ ఇబ్బందే పిల్లలచేత నోరు తెరిపిస్తుంది అన్నది ఆ వాదం. 1961లో ఉగాండాలోని మకెరెరెలో కామన్వెల్త్ దేశాల ఇంగ్లీషు బోధన నిపుణులు సమావేశమైన తరువాత ఈ భావాలకు శాస్త్రీయమైన పేరు కూడా దక్కింది. ఆ పేరును ప్రశ్నించినవాడు రాబర్ట్ ఫిలిప్సన్. 1992లో వెలువడిన ‘లింగ్విస్టిక్ ఇంపీరియలిజం’ అనే గ్రంథంలో అతను ఆ కాలం నుంచి చెలామణిలో ఉన్న ఐదు సూత్రాలను విడదీసి చూపాడు. ఆదర్శ ఉపాధ్యాయుడు నేటివ్ స్పీకరే, అంటే ఆ భాషను పుట్టుభాషగా మాట్లాడేవాడే, అన్న సూత్రాన్ని హేత్వాభాసగా, హేతువులా కనిపించే దోషంగా, తేల్చాడు. పుట్టుకతో వచ్చాయని చెప్పే సుగుణాలన్నీ శిక్షణతో అలవరచుకోగలిగినవే అయినప్పుడు, శిక్షణ లేని పుట్టుకకు బోధనార్హత ఎక్కడిదన్నది అతని తర్కసారం. హంగరీకి చెందిన పీటర్ మెజెష్ 1994లో ఇదే విషయాన్ని మరో వైపు నుంచి నిరూపించాడు: ఇంగ్లీషును కష్టపడి నేర్చుకున్న ఉపాధ్యాయుడు, నేర్చుకోవడం సాధ్యమేనన్నదానికి తానే విద్యార్థి కళ్లెదుట నిలిచే రుజువు, ఏ మలుపులో విద్యార్థి తడబడతాడో అతనికి ముందే తెలుసు, ఎందుకంటే తానూ అక్కడే తడబడ్డాడు.

ఈ రచనలు వెలువడడానికి కొన్నేళ్ల ముందే జపాన్ ఒక భారీ ప్రయోగానికి దిగింది. అమెరికాతో వాణిజ్య తగాదాలు ముదిరి, జపాన్ తన తలుపులు తెరవడం లేదన్న విమర్శ పెరిగిన 1980 దశకంలో, నకసోనె ప్రధానిగా ఉండగా రూపుదిద్దుకొని 1987లో మొదలైన ఆ కార్యక్రమాన్ని పొడి అక్షరాలతో జెట్ అంటారు. మొదటి ఏడాది అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల నుంచి 848 మంది వచ్చారు. తరువాత ఆ సంఖ్య 5 వేలు దాటింది, దేశాల సంఖ్య 50 దాటింది, భారతదేశం కూడా ఆ జాబితాలో చేరింది. విదేశాంగ శాఖ, విద్యాశాఖ, స్థానిక పాలన వ్యవహారాలు చూసే శాఖ కలిసి నడిపే ఈ కార్యక్రమానికి మూలం దౌత్యంలో ఉంది, పాఠం చెప్పే కళలో లేదు; దేశాన్ని ఊరి స్థాయి నుంచి ప్రపంచానికి పరిచయం చేయాలన్నది దాని అసలు ఉద్దేశం. అందులో తప్పేమీ లేదు. తప్పు తరువాత జరిగింది: దౌత్యం కోసం పిలిపించిన అతిథి రాకనే భాషాబోధనకు పరిష్కారంగా జనం భావించడం, బడులు ఆ భావనను ఖండించకపోవడం, చివరికి విధానకర్తలు కూడా దానికే అలవాటుపడటం.

ఈ కార్యక్రమం కింద వచ్చేవారిలో అత్యధికులు ఏఎల్‌టీలు, అంటే సహాయ భాషోపాధ్యాయులు. ఏ విషయంలోనైనా ఒక డిగ్రీ ఉంటే వీరు అర్హులే. బోధనలో పట్టా అక్కరలేదు. జపాన్ చట్టం ప్రకారం తరగతికి బాధ్యుడు లైసెన్సు పొందిన జపాన్ ఉపాధ్యాయుడే కనుక సహాయకుడు అతని పక్కన నిలబడి ఉమ్మడి బోధన చేయాలి. ఆచరణలో ఆ ఉమ్మడితనం ఎలా ఉంటుందో అక్కడి దినచర్య చెబుతుంది. ఉదయం బడికి చేరి, బయటి చెప్పులు విడిచి లోపలి బూట్లు తొడుక్కుని, ఉపాధ్యాయులందరి బల్లలూ ఎదురెదురుగా కలిపి ఉండే గదిలో తన బల్ల దగ్గర కూర్చొని, తనకు సగం కూడా అర్థం కాని ఉదయపు సమావేశాన్ని వినడంతో రోజు మొదలవుతుంది. తరగతిలో పాఠ్యపుస్తకంలోని సంభాషణను పెద్దగా చదవాలి, ముప్పైమందికి పైగా పిల్లలు దాన్ని ఒక్క గొంతుతో తిరిగి చెప్పాలి. ఆ తరువాత వ్యాకరణ వివరణ జపాను భాషలో సాగుతుండగా సహాయకుడు ఒక మూల నిలబడాలి. మనిషి రూపంలోని టేప్ రికార్డరు అన్న మాట ఆ వృత్తిలో ఉన్నవారి మధ్య దశాబ్దాలుగా వాడుకలో ఉంది. అందులో ఎంత బాధ ఉందో గ్రహించాలి. మధ్యాహ్నం పిల్లలతో కలిసి తరగతి గదిలోనే భోజనం, ఆపైన పిల్లలూ పెద్దలూ కలిసి బడిని ఊడ్చి తుడిచే సమయం. ఈ రెండు వేళల్లోనే చాలామంది సహాయకులకు పిల్లలతో నిజమైన మాట కుదురుతుంది. ఆ మాటకు మార్కులు లేవు, పరీక్ష లేదు, పాఠ్యప్రణాళికలో చోటు లేదు. నాలుగైదు బడుల మధ్య వారానికొకచోట తిరిగే సహాయకుడికి పిల్లల పేర్లు కూడా గుర్తుండే అవకాశం లేదు. సెలవుల్లో తరగతులు లేకపోయినా బల్ల దగ్గర హాజరు వేయించుకొని రోజంతా కూర్చోవలసిన బడులూ ఉన్నాయి.

జెట్ ద్వారా వచ్చినవారి స్థితి ఈ వృత్తిలో మెరుగైనది. వారికి జీతం, బీమా, గరిష్ఠంగా ఐదేళ్ల కాలం ఉన్నాయి. కానీ జపాన్ బడులలోని సహాయకులలో ఎక్కువమంది ఇప్పుడు జెట్ వారు కారు. కొందరిని పురపాలక సంఘాలు నేరుగా నియమించుకుంటాయి, చాలామందిని మనుషులను సరఫరా చేసే కంపెనీలు పంపుతాయి. తక్కువ ధర కోట్ చేసిన కంపెనీకి కాంట్రాక్టు దక్కుతుంది. మరుసటి ఏడాది మరో కంపెనీ ఇంకా తక్కువకు ఒప్పుకుంటే ఉపాధ్యాయుడు మారిపోతాడు, లేదా అదే ఉపాధ్యాయుడు తక్కువ జీతానికి కొత్త కంపెనీలో చేరతాడు. ఇందులో మరింత దిగ్భ్రాంతి కలిగించే అంశం ఒకటుంది. పనిని మొత్తంగా బయటి కంపెనీకి అప్పగించే పద్ధతిలో కుదిరిన కాంట్రాక్టు అయితే, బడిలోని జపాన్ ఉపాధ్యాయుడు ఆ సహాయకుడికి నేరుగా ఆదేశాలివ్వడం జపాన్ కార్మిక చట్టాల దృష్టిలో దొంగ కాంట్రాక్టు కిందకి వస్తుంది. అంటే ఒకే తరగతిలో పక్కపక్కనే నిలబడిన ఇద్దరు ఉపాధ్యాయులు పాఠం గురించి పరస్పరం సర్దుబాటు చేసుకోవడమే చట్టానికి అడ్డం. పుట్టుభాషీయుడి రాకతో భాష వస్తుందని నమ్మిన సమాజం, వచ్చిన మనిషిని ఇంత చవకైన, ఇంత మార్చదగిన వస్తువుగా చూడటం యాదృచ్ఛికం కాదు. పుట్టుకే అర్హత అయినప్పుడు అనుభవానికి విలువ ఉండదు. అనుభవానికి విలువ లేనప్పుడు పదేళ్లు పనిచేసినవాడి స్థానంలో నిన్న విమానం దిగినవాణ్ణి నిలబెట్టడానికి ఏ అడ్డూ ఉండదు. ఈ అభిప్రాయం విదేశీ ఉపాధ్యాయుడిని గౌరవిస్తుందనుకోవడం పెద్ద భ్రమ. అతని గొంతును కొనుక్కొని, అతని బుద్ధిని కాదంటుంది.

ఇంతకూ జపాన్ చట్టమే పుట్టుకను అడగడం లేదన్నది గమనించవలసిన సంగతి. బడిలో విదేశీ భాష బోధించడానికి వచ్చేవారికిచ్చే నివాస అనుమతి నిబంధనలు, ఆ భాషా మాధ్యమంలో పన్నెండేళ్లకు తక్కువ కాకుండా చదివి ఉండాలని అంటాయి. విశాఖపట్నంలోనో వరంగల్‌లోనో ఒకటో తరగతి నుంచి ఇంగ్లీషు మాధ్యమంలో చదివిన తెలుగు యువతి ఈ షరతును తీరుస్తుంది. ఆమెను ఆపేది చట్టం కాదు, ఉద్యోగ ప్రకటనలో ‘నేటివ్’ అని అచ్చయిన ఒక మాట. విదేశీయులకు పూర్తిస్థాయి ఉపాధ్యాయ హోదా ఇచ్చే ప్రత్యేక లైసెన్సు పద్ధతి కూడా జపాన్‌లో 1988 నుంచీ ఉంది; దాన్ని విస్తారంగా వాడి ఉంటే సహాయకుడనే సగం హోదా ఇన్నేళ్లు శాశ్వతంగా మిగిలేది కాదు.

ఫలితం సంగతి చూద్దాం. ఈఎఫ్ అనే సంస్థ 2024లో ప్రకటించిన ఇంగ్లీషు సామర్థ్య సూచీలో జపాన్ 116 దేశాలలో 92వ స్థానంలో ఉంది. ఆ పరీక్ష స్వచ్ఛందంగా రాసేవారితో జరిగేది కనుక దాన్ని దేశం మొత్తానికి కొలమానంగా తీసుకోరాదు. ఆ ర్యాంకు ఒక్కదాన్నే పట్టుకొని ఏఎల్‌టీలను నిందించడం మరీ అన్యాయం. ఉన్నత పాఠశాల, విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షలు, వాటి కోసం వాక్యాన్ని ముక్కలు చేసి అనువదించే పాత బోధన, పెద్ద తరగతులు, పని భారంతో కుంగిపోయిన జపాన్ ఉపాధ్యాయులు: కారణాలు అక్కడున్నాయి. 2020 నుంచి ఐదు, ఆరు తరగతులలో ఇంగ్లీషును పూర్తిస్థాయి పాఠ్యవిషయం చేసినప్పుడు ఆ భారం ఎక్కువగా పడింది, ఇంగ్లీషు చెప్పడానికి ప్రత్యేక శిక్షణ పొందని ప్రాథమిక తరగతి ఉపాధ్యాయుల మీదనే. వారి శిక్షణకు పెట్టవలసిన శ్రద్ధను పుట్టుభాషీయుడి రాక మీద పెట్టడం వల్ల సమస్య ఉన్నచోటే ఉండిపోయింది.

ఈ తప్పు జపాన్‌కు తప్పనిసరి కాదని జపాన్ చరిత్రే చెబుతుంది. 1922లో విద్యాశాఖ సలహాదారుగా టోక్యోకు వచ్చిన ఇంగ్లీషువాడు హెరల్డ్ పామర్, మరుసటి ఏడాది ఇంగ్లీషు బోధన పరిశోధన సంస్థను స్థాపించి, 1936లో తిరిగి వెళ్లేవరకు తన శక్తిని ప్రధానంగా జపాన్ ఉపాధ్యాయులను తయారు చేయడానికే వెచ్చించాడు. అతని మౌఖిక పద్ధతిని 1930 దశకంలో ఫుకుషిమాలోని ఒక మాధ్యమిక పాఠశాలలో తమ పరిస్థితికి తగినట్టు మలచి ఫలితం సాధించినవారు జపాన్ ఉపాధ్యాయులే. విదేశీయుడికి అర్హమైన స్థానం ఏదో పామర్ ఆనాడే చూపాడు. అంతకుముందు లాఫ్కాడియో హెర్న్ ఉన్నాడు. ఏఎల్‌టీల పూర్వీకుడిగా అతన్ని తలచుకోవడం పరిపాటి. 1890లో మత్సుఎ పట్టణంలో ఇంగ్లీషు చెప్పిన హెర్న్ గ్రీకు తల్లికి, ఐరిష్ తండ్రికి ఒక గ్రీకు ద్వీపంలో పుట్టినవాడు; మత్సుఎ బడిలో అతనికి అండగా నిలిచినవాడు నిషిదా సెంతరో అనే జపాన్ ఉపాధ్యాయుడు. టోక్యో విశ్వవిద్యాలయంలో 1903లో హెర్న్ ఖాళీ చేసిన స్థానంలోకి వచ్చినవారిలో ఒకడు నవలాకారుడు నత్సుమె సోసెకి. విద్యార్థులు హెర్న్ కోసం బాధపడ్డారన్నది నిజం. అది ఒక గొప్ప రచయిత పట్ల అభిమానం. ఆ సోసెకే 1911లో రాస్తూ, జపాన్ యువకుల ఇంగ్లీషు తగ్గిందన్న ఫిర్యాదుకు సమాధానంగా, అన్ని శాస్త్రాలనూ విదేశీయుల దగ్గర విదేశీ భాషలో నేర్చుకోవలసిన దశ దాటి స్వభాషలో చదువు సాగుతున్నదనడానికి ఆ తగ్గుదలే గుర్తు అని వాదించాడు. భాషాబోధన సమస్యను దేశపు చదువుల సమస్యగా చూసిన ఈ దృష్టి జెట్ కాలంలో మరుగున పడింది.

ఇక వాట్‌గంజ్. ఈస్టిండియా కంపెనీ ఇంజనీరు కర్నల్ హెన్రీ వాట్సన్ 1780 ప్రాంతంలో ఇక్కడ ఓడలు కట్టే రేవు నిర్మించడానికి పూనుకోవడంతో ఈ పేట పుట్టింది, అతని పేరే దీనికి మిగిలింది. పక్కనే ఉన్న ఖిదిర్‌పూర్ హౌస్ కంపెనీ ఉన్నతోద్యోగి రిచర్డ్ బార్వెల్ నివసించిన భవనం. 18వ శతాబ్ది చివరలో అందులోకి సైనికాధికారుల అనాథ పిల్లల ఆశ్రమం వచ్చింది. ఆ ఆవరణ ఉన్న డైమండ్ హార్బర్ రోడ్డు మీదనే ఇప్పుడు సెయింట్ థామస్ స్కూలు నడుస్తోంది. 1789 నాటి ఫ్రీ స్కూలు 20వ శతాబ్ది తొలి పాదంలో ఇక్కడికి మారి ఆ పేరు తీసుకుంది. ఇంగ్లీషు బడులు కలకత్తాలో మొలకెత్తిన ఆ తొలి దశలో ఇంగ్లీషు చెప్పినవారంతా ఇంగ్లండులో పుట్టినవారు కారు. ద్వారకానాథ్ ఠాకూర్‌కు తొలి ఇంగ్లీషు అక్షరాలు చెప్పిన షెర్బోర్న్ యూరేషియన్, అంటే యూరోపియన్, భారతీయ రక్తాల సంతానం. 1826లో హిందూ కళాశాలలో ఉపాధ్యాయుడిగా చేరి ఐదేళ్లలో ఒక తరాన్నే మేల్కొలిపిన డెరోజియో కలకత్తాలోనే పుట్టి, 1831లో 22 ఏళ్ల వయసులో కలకత్తాలోనే కన్నుమూశాడు. ఇంగ్లండును కళ్లతో చూడలేదు. 

అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం ఖిదిర్‌పూర్ నుంచే వచ్చింది. బెంగాలీ కవి మైకేల్ మధుసూదన్ దత్ 1824లో జెస్సోర్ ప్రాంతంలోని సాగర్‌దాఁడీలో పుట్టినా, తండ్రి కలకత్తా సదర్ దివానీ అదాలత్‌లో వకీలు కావడం వల్ల ఖిదిర్‌పూర్ ఇంటిలో పెరిగాడు. హిందూ కళాశాలలో, తరువాత బిషప్స్ కళాశాలలో చదివి, క్రైస్తవం స్వీకరించి, ఇంటి ఆదరణ పోగొట్టుకొని, 1848లో మద్రాసుకు వెళ్లి అక్కడి మేల్ ఆర్ఫన్ అసైలంలో ఇంగ్లీషు ఉపాధ్యాయుడయ్యాడు. ఆ ఆశ్రమంలో చదివేవారు ఎక్కువగా యూరోపియన్ సైనికుల కొడుకులు. బెంగాలీ మాతృభాషగా గల యువకుడు, తనకు ఏ బంధుత్వమూ లేని పరాయి నగరంలో, తెల్లవారి పిల్లలకు ఇంగ్లీషు నేర్పాడు! పుట్టుకే అర్హత అనేవారు ఈ ఒక్క నియామకానికి జవాబు చెప్పాలి. మరుసటి ఏడాది ఆయన ఇంగ్లీషు కావ్యం ‘ది క్యాప్టివ్ లేడీ’ మద్రాసులోనే వెలువడింది. 1852లో మద్రాసు విశ్వవిద్యాలయపు ఉన్నత పాఠశాలలో ఆయన ఉపాధ్యాయుడయ్యాడు.

మద్రాసులోని ఆ అనాథాశ్రమానికి బోధనచరిత్రలో మరో స్థానం ఉంది. 1789లో దాని పర్యవేక్షణ చేపట్టిన స్కాట్లండు వాడు ఆండ్రూ బెల్, తిన్నె బడి పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి ఆ పద్ధతిని తన బడిలో ప్రవేశపెట్టబోతే, అక్కడి యూరోపియన్ ఉపాధ్యాయులు అది కుదరదన్నారు. బెల్ జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ల విద్యార్థికి ఆ పని అప్పగించాడు, ఆ కుర్రవాడు నేర్పాడు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పే మద్రాసు పద్ధతి అలా పుట్టి ఇంగ్లండు దాకా పాకింది. ఇక్కడి వీధిబడుల నుంచి తీసుకున్న పద్ధతిని ఇంగ్లండు నేర్చుకోవలసి వచ్చిన రోజులవి.

మధుసూదన్ 1849 ఆగస్టులో మిత్రుడు గౌర్‌దాస్ బసాక్‌కు రాసిన లేఖలో తన దినచర్యను గంటల వారీగా చెప్పాడు. ఉదయం హీబ్రూ, ఆపైన మధ్యాహ్నం దాకా బడి, తరువాత గ్రీకు, రెండు నుంచి ఐదు గంటల వరకు తెలుగూ సంస్కృతమూ, ఆపైన లాటిన్, రాత్రి ఇంగ్లీషు. తన తండ్రుల భాషను తీర్చిదిద్దడానికే ఈ సాధన అని కూడా ఆ లేఖలో సూచించాడు. పరాయి ఊరిలో ఇంగ్లీషు ఉపాధ్యాయుడి రోజు ఎలా గడవాలో చెప్పే పత్రం ఇంతకన్నా మంచిది దొరకదు. ఆయన తెలుగును పక్కన పెట్టలేదు, తన బెంగాలీని మరచిపోలేదు. 1861లో బెంగాలీలో వచ్చిన ‘మేఘనాదవధ కావ్యం’ వెనక ఈ మద్రాసు సాధన ఉంది. తరగతిలో పిల్లల భాష తెలియకపోవడమే మేలన్న వాదానికి ఈ దినచర్య నేరుగా ఎదురు నిలుస్తుంది.

అదే సంవత్సరాలలో అదే మద్రాసులో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఉన్నాడు. తెలుగువారు తమవాడిగా భావించే ఈ ఇంగ్లీషువాడు 1798లో కలకత్తాలో పుట్టాడు. అతని తండ్రి డేవిడ్ బ్రౌన్ 1786లో కలకత్తాకు వచ్చింది, తరువాతి కాలంలో ఖిదిర్‌పూర్ హౌస్‌కు చేరిన ఆ అనాథాశ్రమ సంస్థకు పర్యవేక్షకుడిగానే. బ్రౌన్ 1817 నుంచి తెలుగు నేర్చుకొని, కడపలో పండితులను కూర్చోబెట్టుకొని తాళపత్రాలను పరిష్కరించి, 1852 నుంచి తన నిఘంటువులను అచ్చు వేయించి, ఉద్యోగ విరమణ తరువాత లండన్‌లో తెలుగు ఆచార్యుడయ్యాడు. పుట్టుకతో తెలుగువాడు కాదు కనుక బ్రౌన్ తెలుగు చెప్పడానికి అనర్హుడని ఏ తెలుగువాడైనా అనగలడా? అనడు, ఎందుకంటే బ్రౌన్ శ్రమ, పాండిత్యం, పండితుల సహాయాన్ని అంగీకరించే వినయం తెలుగువాడికి తెలుసు. బ్రౌన్‌కు తెలుగులో ఇచ్చిన న్యాయాన్ని ఇంగ్లీషులో తనకు తానే నిరాకరించుకోవడం ఆత్మన్యూనత తప్ప మరొకటి కాదు. భాష నేర్పే హక్కు నేర్చుకున్నవాడిదే అని బ్రౌన్ విషయంలో ఒప్పుకున్నాక, ఖిదిర్‌పూర్ కుర్రవాడి విషయంలో గానీ, వరంగల్ యువతి విషయంలో గానీ వేరే సూత్రం చెప్పడానికి వీలులేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం ఎదురవుతుంది. మధుసూదన్‌కే హిందూ కళాశాలలో డి.ఎల్. రిచర్డ్‌సన్ అనే ఇంగ్లీషువాడు గురువు కదా, ఆ గురువు లేకపోతే శిష్యుడు ఉండేవాడా? ఉండేవాడు కాకపోవచ్చు. కానీ రిచర్డ్‌సన్ తరగతిలో నిలబడింది ఇంగ్లండులో పుట్టినందుకు కాదు. కవి, సంపాదకుడు, బ్రిటిష్ కవుల రచనల సంకలనాన్ని విద్యార్థుల కోసం కూర్చినవాడు, షేక్స్‌పియరును చదివి వినిపించే తీరుకు పేరు పొందినవాడు కావడం వల్ల. అతనితోపాటు కంపెనీ సైన్యంలో పనిచేసిన వేలాదిమందికి అదే పుట్టుక ఉంది, వారెవరూ మధుసూదన్‌ను తయారు చేయలేదు.

ఉచ్చారణ విషయానికి వస్తే, వాదం ఇంకా బలహీనపడుతుంది. గ్లాస్గో పలుకు, అలబామా పలుకు, సిడ్నీ పలుకు ఒకదానికొకటి పోలవు. పుట్టుభాషీయుడి ఉచ్చారణ అని ఒకే నమూనా లేదు. ఇక ఆ గొంతు కావాలంటే ఇవాళ ప్రతి ఫోనులోనూ దొరుకుతుంది. దొరకనిది, పిల్లవాడి నాలుక ఎందుకు తడబడుతుందో వివరించగలవాడు. జపాన్ పిల్లలు డెస్క్ అనవలసినచోట ‘దెసుకు’ అంటారు, బస్‌ను ‘బసు’ అంటారు. జపాను పదాలు సాధారణంగా అచ్చుతో ముగుస్తాయి కనుక వారి నోరు హల్లు దగ్గర ఆగదు. తెలుగువాడు డెస్కు, బస్సు అనడానికీ కారణం అదే. పైగా రెండు భాషలలోనూ క్రియ వాక్యం చివర నిలుస్తుంది, విభక్తి ప్రత్యయం నామం తరువాత వస్తుంది. కర్త తరువాత వెంటనే క్రియను పెట్టమనే ఇంగ్లీషు నియమం జపాన్ పిల్లవాడికి ఎంత ఎదురీతో తెలుగు మాట్లాడే ఉపాధ్యాయురాలికి చెప్పనక్కరలేదు. లండన్‌లో పుట్టినవాడికి ఇది పుస్తకం చదివితే తెలుస్తుంది, చదవకపోతే జీవితాంతం తెలియదు. ప్రకటనలోని ‘నేటివ్’ అన్న మాట సరిగ్గా ఈ జ్ఞానమున్నవారినే గడప దగ్గర ఆపేస్తోంది.

చివరి అభ్యంతరం మార్కెట్టుది: తల్లిదండ్రులు విదేశీయుణ్ణే కోరుకుంటారు కదా అని. కోరికను ప్రకటనలు పుట్టించి, ఆ కోరికనే మళ్లీ ప్రకటనలకు సమర్థనగా చూపడం వాదం కాదు. 1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌ను నెలకొల్పినప్పుడు బ్రిటిష్ కౌన్సిల్ సహాయం ఉంది, విదేశీ నిపుణులూ ఉన్నారు. కానీ ఆ సంస్థ ధ్యేయం భారతీయ ఉపాధ్యాయుల శిక్షణ. ఇఫ్లూ పేరుతో ఇప్పుడు విశ్వవిద్యాలయమైన ఆ సంస్థ నడిచిన దారి తెలుగు నేల మీదనే ఉండగా, తల్లిదండ్రులకు దాన్ని చూపించవలసిన విద్యాసంస్థలు విదేశీ ఫొటోను చూపించడం బాధాకరం.

వాట్‌గంజ్ సందులలో ఇవాళ బెంగాలీ, ఉర్దూ, హిందీ, ఒడియా వినిపిస్తాయి. 1892లో ఖిదిర్‌పూర్ రేవు తెరుచుకోవడం, గార్డెన్ రీచ్‌లో కేంద్ర కార్యాలయం గల బెంగాల్ నాగపూర్ రైల్వే 1902లో వాల్తేరు వరకు ఉన్న తీరరేఖ మార్గాన్ని చేపట్టడం, జనపనార మిల్లులు ఉత్తరాంధ్ర కూలీలను పిలవడం, వీటన్నిటి వల్ల తెలుగు కుటుంబాలూ కలకత్తా చేరాయి. ఇలాంటి పేటలో బడికి వచ్చే పిల్లవాడు ఇంట్లో ఒక భాష, వీధిలో రెండో భాష, బడిలో మూడో భాష మాట్లాడతాడు. బెంగాలీ ఇంటి పిల్లవాడు ‘జ’తో పలికే ఇంగ్లీషు పదాన్నీ, తెలుగింటి పిల్లవాడు చివర అచ్చు చేర్చే పదాన్నీ వేరువేరుగా గుర్తించి సరిదిద్దగలవాడే ఆ తరగతికి తగిన ఇంగ్లీషు ఉపాధ్యాయుడు. అతను కలకత్తాలో పుట్టినా, కాంటర్‌బరీలో పుట్టినా ఆ పని ఒకటే. ఆ పనికి శిక్షణ, పిల్లల భాషల పట్ల గౌరవం, ఏటా మారిపోని ఉద్యోగం కావాలి.

కనుక పిల్లలను బడిలో చేర్చే తల్లిదండ్రులు ఇంగ్లీషు ఉపాధ్యాయుడు ఎక్కడ పుట్టాడని అడగడం మానుకోవాలి. అతను బోధనలో ఏ శిక్షణ పొందాడు, పిల్లల ఇంటిభాష కొంతైనా తెలుసా, ఎన్నేళ్లుగా ఈ బడిలో ఉన్నాడు, వచ్చే ఏడాది ఉంటాడా అని అడగాలి. సమాధానం చెప్పలేని బడికి ఫీజు కట్టరాదు. జపాన్‌కు వెళ్లదలచిన తెలుగు యువతీయువకులు ‘నేటివ్’ అన్న మాట చూసి వెనుదిరగకుండా, చట్టం అడిగే పన్నెండేళ్ల చదువును ముందు పెట్టి దరఖాస్తు చేయాలి. ఆ చదువుతో పాటు జపాను భాషను కూడా నేర్చుకొని వెళ్లాలి. ఆ మాటను ప్రకటనల నుంచి తొలగించవలసిన బాధ్యత మాత్రం ప్రకటన ఇచ్చేవారిదీ, వారికి అనుమతులిచ్చే ప్రభుత్వాలదీ.